చైనా మూలికల మందు మొదలుపెట్టాక అమ్మకు విరేచనాలు: ఆపాలా, కొనసాగించాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. గుంటూరు నుంచి సింగపూర్‌లో మీ దగ్గరికి వచ్చిన అమ్మగారికి 64 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. పక్కింటావిడ చెబితే చైనా వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన పొడి పొట్లాలు ఇచ్చి, రోజుకు రెండుసార్లు వేణ్ణీళ్ళలో కలుపుకుని తాగమన్నారు. నాలుగో రోజు నుంచి కడుపుబ్బరం, ఆకలి లేకపోవడం, రోజుకు మూడు నాలుగు సార్లు నీళ్ళ విరేచనాలు. క్లినిక్‌కి ఫోన్ చేస్తే, ఎత్తిన అమ్మాయి "లోపల ఉన్న చెడంతా బయటికి పోతోంది, మంచిదే, ఆపకండి" అంది. అమ్మగారు షుగర్‌కి మెట్‌ఫార్మిన్, బీపీకి ఒక మాత్ర, గుండెకని చిన్న ఆస్పిరిన్ కూడా వేసుకుంటారు. ఇప్పుడు ఆ పొడి ఆపాలా, కొనసాగించాలా?

ఆపండి. ఈ పూట నుంచే ఆపండి. పొట్లాలు మాత్రం పారెయ్యకండి, వాటితో పని ఉంది. మోకాళ్ళ నొప్పి మందు పది రోజులు మానేస్తే నొప్పి ఉంటుంది, అంతే. కానీ షుగర్, బీపీ ఉన్న పెద్దావిడకు రోజుల తరబడి నీళ్ళ విరేచనాలు అవుతుంటే ఒంట్లో నీరు, పొటాషియం, సోడియం తగ్గిపోతాయి. అది మోకాళ్ళ నొప్పి కంటే చాలా పెద్ద సమస్య. (వెంటనే ఆపకూడని మందు ఒక రకం ఉంది. మీరు చెప్పినదాన్ని బట్టి మీది అది కాదనిపిస్తోంది. దాని సంగతి కింద రాస్తాను.)

ఇవాళ చెయ్యాల్సిన పనులు ముందు చెబుతాను. ఓఆర్‌ఎస్ పొట్లం తెచ్చి, దానిమీద రాసినన్ని నీళ్ళలో కలిపి, కొద్దికొద్దిగా తాగిస్తూ ఉండండి. షుగర్ ఉంది కదా, ఇందులో గ్లూకోజ్ ఉంటుంది కదా అని మానెయ్యకండి. ఆ కాస్త గ్లూకోజ్ ఉంటేనే పేగు ఉప్పునీ నీళ్ళనీ పీల్చుకుంటుంది. గంజి, మజ్జిగన్నం, ఇడ్లీ పెట్టవచ్చు. మెట్‌ఫార్మిన్ సంగతి, బీపీ మాత్ర సంగతి ఇవాళే డాక్టర్‌ని అడగండి. ఒంట్లో నీరు బాగా తగ్గినప్పుడు మెట్‌ఫార్మిన్‌ని, కొన్ని రకాల బీపీ మాత్రల్ని డాక్టర్లు కొద్ది రోజులు ఆపిస్తారు. ఆ నిర్ణయం వాళ్ళది, మీరు సొంతంగా ఆపకండి, డాక్టర్‌ని అడగడానికి రేపటిదాకా ఆగకండి కూడా. షుగర్‌కి గ్లిమిపిరైడ్ లాంటిది ఇంకేదైనా ఉంటే మరీ జాగ్రత్త: తిండి తగ్గి మాత్ర తగ్గకపోతే షుగర్ పడిపోతుంది.

మలం తారులా నల్లగా వచ్చినా, రక్తం కనిపించినా, తాగిన నీళ్ళు కూడా వాంతి అయిపోతున్నా, మూత్రం బాగా తగ్గినా, మనిషి మగతగా ఉన్నా, కళ్ళు పచ్చబడినా, పెదాలూ నాలుకా తిమ్మిరెక్కినా, గుండె దడదడలాడినా ఇది చదవడం ఆపేసి 995కి (సింగపూర్‌లో అంబులెన్స్ నంబరు) ఫోన్ చెయ్యండి.

ఇక అసలు విషయం. మాది తెనాలి. సింగపూర్‌లో ఆసుపత్రి ఫార్మసీలో 18 ఏళ్ళుగా పనిచేస్తున్నాను. నేను చైనా వైద్యం చదువుకోలేదు. కానీ ఇక్కడ పనిచేసే ఫార్మసిస్టుకి ఆ మూలికలు తెలియక తప్పదు. ఆసుపత్రిలో చేరే పెద్దవాళ్ళు మాత్రల సంచి తీసిస్తారు, అడిగితే తప్ప రెండో సంచి తియ్యరు. ఆ రెండో సంచిలో ఎండిన వేళ్ళు, బెరళ్ళు, నల్ల గుళికలు, పొడి పొట్లాలు ఉంటాయి. వాటి పేర్లు ఒక్కొక్కటే మా చైనీస్ సహోద్యోగుల దగ్గర నేర్చుకున్నాను.

ఆ అనుభవంతో చెబుతున్నాను. "చెడు బయటికి పోతోంది" అన్న మాట చైనా వైద్యం మాట కూడా కాదు. నాకు తెలిసిన మంచి చైనా వైద్యులందరూ నాడి పట్టుకుని, నాలుక చూసి, ఆ తర్వాత అడిగే మొదటి నాలుగు ప్రశ్నల్లో విరేచనం సంగతి ఒకటి. వాళ్ళ దృష్టిలో కడుపు బాగుంటేనే మందు పనిచేస్తుంది. రోగి రెండోసారి వచ్చి "కడుపు జారుతోంది" అంటే వాళ్ళు సూత్రం, అంటే మందులో కలిపే మూలికల జాబితా, మారుస్తారు, ఒక మూలిక తగ్గిస్తారు, ఇంకొకటి కలుపుతారు. వాళ్ళలో ఒక నానుడి ఉంది: షి యావ్ సాన్ ఫెన్ దూ. మందన్నాక పదిలో మూడు పాళ్ళు విషమే అని అర్థం. జబ్బుకి తగలగానే మందు ఆపాలి అని ఇంకో నియమం కూడా వాళ్ళు చదువుకుంటారు. ప్రక్షాళన కోసమే ఇచ్చిన మందు అయితే విరేచనం అవుతుంది, ఆ సంగతి ముందే చెప్పి ఇస్తారు. మోకాళ్ళ నొప్పికి ఇచ్చిన మందుతో నాలుగో రోజు నుంచి నీళ్ళ విరేచనాలైతే దాన్ని దుష్ఫలితం అనే అనాలి.

మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి ఇక్కడ బాగా రాసే సూత్రం దూహువో జీషెంగ్ తాంగ్. 15 మూలికలుంటాయి. మీ అమ్మగారికి ఇచ్చింది అదేనని నేను అనను, కానీ దానికి దగ్గరగా ఉండే అవకాశం ఎక్కువ. నొప్పి తగ్గించే వేళ్ళతో పాటు రక్తం పట్టడానికని దాంగ్‌గుయ్, దీహ్వాంగ్ అనే రెండు ఇందులో ఉంటాయి. దీహ్వాంగ్‌లోనే, ఆవిరి మీద పదే పదే ఉడికించి ఆరబెట్టిన రకాన్ని షూదీ అంటారు. దాన్ని చేత్తో పట్టుకుంటే మీకే అర్థమవుతుంది: పాత చింతపండు ముద్దలా నల్లగా, జిగటగా, వేళ్ళకు అంటుకుని వదలదు. తియ్యగా ఉంటుంది. దాన్ని "అరగడానికి బరువు" అని చైనా వైద్యులే అంటారు. జీర్ణశక్తి తక్కువగా ఉన్నవాళ్ళకి ఇస్తే కడుపుబ్బరం, ఆకలి మందగించడం, జారుడు విరేచనం వస్తాయని వాళ్ళ పాఠాల్లోనే ఉంటుంది. అందుకే షూదీ వేసిన చోట ఏలకుల జాతికే చెందిన షారెన్ గింజలో, ఎండబెట్టిన కమలా తొక్కో జత చేస్తారు. మనం మినప్పిండి వంటకాల్లో ఇంగువ, అల్లం వేసినట్టే. దాంగ్‌గుయ్ కూడా నూనె ఉన్న వేరు, పేగును జారుడు చేస్తుంది. మలబద్ధకం ఉన్న ముసలివాళ్ళకి అందుకనే ఇస్తారు. అప్పటికే మెట్‌ఫార్మిన్ వల్ల కడుపు కాస్త సున్నితంగా ఉన్న మనిషికి ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో మీరు ఇంట్లో చూస్తూనే ఉన్నారు. ఉబ్బరం, ఆకలి లేకపోవడం, తర్వాత విరేచనాలు అని మీరు చెప్పిన తీరు నాకు ఇక్కడే ఎక్కువగా సరిపోతున్నట్టు కనిపిస్తోంది.

నొప్పి మందుల్లో తరచూ కనిపించే ఇంకో జంట రూషియాంగ్, మోయావ్. రెండూ చెట్టు బంకలు. మొదటిది ధూపానికి వాడే సాంబ్రాణి లాంటిది, రెండోది బోళం. బంక కదా, కడుపులో సరిగా కరగదు. వికారం, వాంతి, కడుపులో మంట తెస్తుంది. వెనిగర్‌తో వేయించి వాడితే ఆ ఘాటు తగ్గుతుందని అలాగే వాడతారు. పరగడుపున తాగితే మాత్రం వేయించినదైనా తిప్పుతుంది. మీ అమ్మగారికి వికారం కంటే విరేచనాలు ఎక్కువ కాబట్టి ఇది రెండో అనుమానమే.

ఇప్పుడు భయపడాల్సిన రెండు పేర్లు. పొట్లం మీద చూసుకోండి.

మొదటిది ఫూజీ. దాని అన్నదమ్ములు చువాన్‌వూ, త్సావ్‌వూ. మన వైద్యంలో వత్సనాభి, నాభి అనే విషపు దుంప ఉంది చూశారా, అదే జాతి. "చలి చేసిన" నొప్పులకి, మోకాళ్ళకి, నడుముకి వాడతారు. ఇందులో అకోనిటిన్ అనే విషం ఉంటుంది. గంటల తరబడి మరిగిస్తే అది విరిగి బలహీనపడుతుంది, అందుకే శుద్ధి చేసిన ఫూజీని కూడా మిగతా మూలికల కంటే ముందు పొయ్యి మీద పెట్టి చాలాసేపు ఉడికిస్తారు. ఉడకడం చాలకపోతే మొదట నోరూ పెదాలూ తిమ్మిరెక్కుతాయి, తర్వాత వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు, ఆ తర్వాత గుండె లయ తప్పుతుంది. దీనికి విరుగుడు మందు లేదు. నేను చూసిన ఒక పెద్దావిడకి ఎవరో బంధువు ఇచ్చిన మూలికల కట్ట, మరిగించింది ఒక అరగంట. ఎమర్జెన్సీలో ఆవిడ పదే పదే తన నాలుకను వేలితో తాకి చూసుకుంటోంది. పళ్ళ డాక్టర్ ఇంజెక్షన్ ఇచ్చాక ఉన్నట్టుంది అంది. ఆ ఒక్క మాట పట్టుకుని డాక్టర్ గుండె మానిటర్ పెట్టించారు, రాత్రంతా ఐసీయూలో ఉంచారు. ఆవిడ బతికింది. వాంతులు, విరేచనాలు అని మాత్రమే చెప్పి ఉంటే తిండి వల్ల అనుకుని ఇంటికి పంపేసేవాళ్ళేమో. అందుకే మూలికల మందు తాగిన వాళ్ళకి కడుపు పాడైతే నేను మొదట అడిగేది నాలుక సంగతి.

రెండోది లేయ్‌గోంగ్‌తెంగ్. పేరుకి పిడుగు దేవుడి తీగ అని అర్థం. కీళ్ళవాతానికి ఇది నిజంగా పనిచేస్తుందని పరీక్షల్లో కూడా తేలింది, కాబట్టే చైనాలో దీని మాత్రలు డాక్టర్లు రాస్తారు. కానీ విరేచనాలు, వికారం, కడుపునొప్పి దీంతో చాలా మామూలు. తెల్లరక్తకణాలు తగ్గడం, ఆడవాళ్ళలో నెలసరి ఆగిపోవడం, మగవాళ్ళలో సంతానశక్తి దెబ్బతినడం దాని కంటే ఘోరం. రక్తపరీక్షలు చేయిస్తూ వాడాల్సిన మందు ఇది. పక్కింటివాళ్ళ సలహా మీద వాడేది కాదు.

వెంటనే ఆపకూడని రకం ఉంది అన్నాను కదా, అది ఇదీ. పేరూ ఊరూ లేని నొప్పి మాత్రలు, ప్రయాణాల్లో కొని తెచ్చుకున్నవి, ఫోన్‌లో గ్రూపుల ద్వారా అమ్మేవి, "పూర్తిగా మూలికలే" అని రాసి ఉన్నవి. వీటిలో డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్, నొప్పి బిళ్ళలు కలిపి అమ్ముతున్నారని ఇక్కడి ఆరోగ్య శాస్త్రాల సంస్థ పరీక్ష చేసి ఎన్నోసార్లు హెచ్చరికలు ఇచ్చింది. గుర్తు ఏమిటంటే, మందు రెండు మూడు రోజుల్లోనే మంత్రం వేసినట్టు నొప్పి మాయం అవుతుంది. మూలికలు అలా పనిచెయ్యవు. తర్వాత ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది, ఒంటిమీద చర్మం పలచబడి దెబ్బ తగలకుండానే కమిలిపోతుంది. స్టెరాయిడ్‌తో నొప్పి బిళ్ళ కలిస్తే కడుపులో పుండు పడుతుంది, ఆస్పిరిన్ కూడా ఉంటే రక్తం కారుతుంది, అప్పుడే మలం తారులా నల్లబడుతుంది. ఇలాంటిది వారాల తరబడి వాడి ఒక్కసారిగా మానేస్తే నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం రావచ్చు. కాబట్టి అటువంటి మాత్ర ఏదైనా ఉంటే దాన్ని పట్టుకుని సూటిగా డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. మీ అమ్మగారు కొద్ది రోజులే వాడారు, క్లినిక్‌లో వైద్యుడి దగ్గర తీసుకున్నారు, నొప్పి మాయమైందని కూడా మీరు రాయలేదు. అందుకే మీది ఇది కాదనుకుంటున్నాను.

మలబద్ధకం గురించి కూడా చెప్పాలి. ఎందుకంటే ఇక్కడ మన తెలుగువాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది మోకాళ్ళ మందు గురించి కాదు, సన్నబడే టీ గురించి. ఆ టీ డబ్బాల్లో అసలు పనిచేసేవి రెండే: దాహ్వాంగ్, సెన్నా ఆకు.

దాహ్వాంగ్ రేవల్చిన్ని జాతి వేరు. ముక్క కోసి చూస్తే పసుపు, ఎరుపు కలిసిన మట్టి రంగు మీద చిన్న చిన్న నక్షత్రాల్లా చుక్కలుంటాయి. అసలైనదాన్ని పాతకాలం అంగడివాళ్ళు ఆ చుక్కలు చూసి గుర్తుపడతారు. ఇందులోని మందు కడుపులో ఏమీ చెయ్యదు. పెద్దపేగు దాకా వెళ్ళాక అక్కడి బ్యాక్టీరియా దాన్ని మారిస్తేనే పేగును కదిలిస్తుంది. అందుకే రాత్రి తాగితే తెల్లవారి కడుపు మెలితిప్పుతుంది. వైద్యుడు విరేచనం కావాలనుకుంటే దాన్ని కషాయం చివర్లో కొద్ది నిమిషాలే మరిగించమంటాడు. వద్దనుకుంటే ఎక్కువసేపు మరిగించమంటాడు, లేదా సారాలో శుద్ధి చేసినది రాస్తాడు. అదే వేరు, మరిగించే తీరు మారితే పని మారిపోతుంది. ఇంట్లో అమ్మమ్మ అన్నీ ఒకేసారి కుండలో పడేసినా, చివర్లో వెయ్యాల్సింది మొదట వేసినా ఫలితం వేరుగా వస్తుంది, మందు మంచిది కాదని అనుకుంటారు. ఇందులో వగరు కూడా ఉంటుంది, ఆ వగరు పేగును బిగిస్తుంది. అందుకే మొదట విరేచనం, రెండు రోజులు పోయాక ముందు కంటే ఎక్కువ మలబద్ధకం. మళ్ళీ టీ.

సెన్నా మనకి కొత్తది కాదు. సునాముఖి ఆకే అది. తమిళనాడులో తిరునల్వేలి వైపు పండే సునాముఖి ప్రపంచమంతా వెళ్తుంది. చైనా వాళ్ళ పేరు ఫాన్‌షియే-యె లో "ఫాన్" అంటే పరదేశపు అని. మన అమ్మమ్మలు ఎప్పుడో ఒకసారి కషాయం కాచి ఇచ్చి మళ్ళీ నెలల తరబడి దాని జోలికి పోయేవాళ్ళు కాదు. ఇప్పుడు అదే ఆకుని అందమైన టీ సంచిలో రోజూ తాగుతున్నారు. రోజూ ఏళ్ళ తరబడి తాగితే పెద్దపేగు లోపలి గోడ నల్లబడుతుంది. కొలనోస్కోపీలో చూస్తే పాము చర్మంలా గోధుమ, నలుపు గళ్ళు కనిపిస్తాయి. ఆ నలుపు దానంతటది క్యాన్సర్ కాదు, టీ మానేస్తే నెలల్లో తగ్గుతుంది. అసలు నష్టం పొటాషియం పోవడంలో ఉంది.

పొటాషియం గురించి ఇంకో మాట, ఇది బీపీ ఉన్న ప్రతి ఒక్కరికీ. చైనా సూత్రాల్లో చాలావాటిలో మూలికల్ని కలిపే మధ్యవర్తిగా గాన్‌త్సావ్ వేస్తారు. అది మన అతిమధురమే. తియ్యగా ఉంటుంది, కడుపుకి హాయి అంటారు. రోజూ ఎక్కువ మోతాదులో తీసుకుంటే ఒంట్లో ఉప్పూ నీరూ నిలుస్తాయి, పొటాషియం మూత్రంలో పోతుంది, బీపీ పెరుగుతుంది, పాదాలు వాస్తాయి. పొటాషియం తగ్గితే పేగు కండరం కూడా నీరసిస్తుంది, కడుపు ఉబ్బుతుంది, మలం కదలదు. అప్పుడు మనిషి ఏం చేస్తాడు, విరేచనాల టీ తాగుతాడు. అది ఇంకాస్త పొటాషియం తీసుకుపోతుంది. బీపీకి నీళ్ళ మాత్ర (మూత్రం ఎక్కువగా పోయేలా చేసేది) వేసుకునేవాళ్ళయితే మూడో వైపు నుంచి కూడా పోతుంది. కాళ్ళలో సత్తువ లేదని, మెట్లు ఎక్కలేకపోతున్నానని వచ్చి, చివరికి రక్తపరీక్షలో పొటాషియం సగానికి పడిపోయి కనిపించినవాళ్ళని నేను చూశాను. మీ అమ్మగారికి విరేచనాలు నాలుగు రోజులు దాటితే ఈ ఒక్క పరీక్ష చేయించమని డాక్టర్‌ని అడగండి.

తెల్లజుట్టు నల్లబడుతుందని కొనే హేషోవూ సంగతి కూడా చెప్పి ముందుకు వెళ్తాను, ఎందుకంటే ఇది ఆన్‌లైన్‌లో ఇండియాకీ వస్తోంది. పచ్చిది విరేచనకారి. నల్ల సోయా రసంతో ఉడికించి శుద్ధి చేసినది బలానికి వాడతారు. రెండూ కాలేయాన్ని దెబ్బతీసిన కేసులు చాలా ఉన్నాయి. 2014లో చైనా ప్రభుత్వమే దీనిమీద హెచ్చరిక ఇచ్చింది. కాలేయం దెబ్బతినేటప్పుడు మొదట వచ్చేవి అచ్చం అజీర్తిలా ఉంటాయి: ఆకలి చచ్చిపోవడం, వికారం, నీరసం. కళ్ళు పచ్చబడేది, మూత్రం టీ రంగులోకి మారేది తర్వాత. అజీర్తే కదా అని అదే మందు ఇంకో రెండు వారాలు తాగినవాళ్ళు ఎక్కువ నష్టపోతారు.

ఏళ్ళ తరబడి వాడేవాళ్ళకి మాత్రం ఇంకొకటి. జీజీ అనే గార్డీనియా కాయ ఉన్న మందుల్ని చాలా ఏళ్ళు రోజూ తాగినవాళ్ళలో పెద్దపేగు కుడివైపు సిరలు గట్టిపడి, కడుపునొప్పి, విరేచనాలు రావడం జపాన్‌లో, తైవాన్‌లో చూశారు. జపాన్‌లో ఆ మందుల కాగితాల మీద దీర్ఘకాలం వాడేవాళ్ళకి హెచ్చరిక కూడా రాస్తున్నారు. వారం రోజుల మందుకి దీని భయం అక్కర్లేదు.

మనకి వేడి చేసేవి, చలవ చేసేవి ఉన్నట్టే వాళ్ళకీ ఉన్నాయి. ఇక్కడ ఫుడ్ కోర్టుల్లో, వీధి చివర అంగళ్ళలో అమ్మే చలవ టీలు చేదు మూలికలతో చేసినవి. ఎండలో తిరిగొచ్చి, మన సబ్జా నీళ్ళు తాగినట్టు రెండు గ్లాసులు తాగితే సున్నితమైన కడుపు ఆ రోజే జారుతుంది. హ్వాంగ్‌లియన్ అనే మహా చేదు వేరుది ఇదే దారి. మూగవాడు హ్వాంగ్‌లియన్ తిన్నట్టు అని వాళ్ళకి సామెత, చెప్పుకోలేని బాధకి. అందులోని బెర్బెరిన్ మన మానుపసుపులోనూ ఉంది. అంటు విరేచనాలకి అది మందే, కానీ బక్కచిక్కిన పెద్దవాళ్ళకి ఆకలి చంపేస్తుంది, కొందరికి మలం బిగిస్తుంది.

బాన్‌షియా అనే తెల్లటి గుండ్రటి దుంప దగ్గులకీ, వాంతులకీ ఇస్తారు. అది మన చేమ, కంద కుటుంబానిదే. పచ్చిదాన్ని నోట్లో పెట్టుకుంటే గొంతులో సూదులు గుచ్చినట్టు ఉంటుంది. మనం కందని చింతపండు పులుసులో ఉడికించి దురద చంపినట్టు వాళ్ళు దాన్ని అల్లంతో, పటికతో శుద్ధి చేస్తారు. మందు తాగగానే గొంతు దురదపెట్టి మండితే ఇది గుర్తుపెట్టుకోండి.

పొడి రూపంలో ఇచ్చే మందులో మూలికలతో పాటు నింపుడు పదార్థం కూడా ఉంటుంది. చాలావాటిలో పిండిపదార్థం. జపాన్ తయారీ కంపో (అక్కడి సంప్రదాయ మూలికా వైద్యం) పొడుల్లో చాలావాటిలో లాక్టోజ్, అంటే పాల చక్కెర. పాలు తాగితే కడుపు ఉబ్బే అలవాటు అమ్మగారికి ఉంటే అది కూడా చూడాలి. నల్ల గుళికలయితే తేనెతో కట్టినవి ఉంటాయి, షుగర్ లెక్కలో పట్టించుకోవాలి.

ఇక క్లినిక్‌తో మాట్లాడే తీరు. ఫోన్ ఎత్తిన అమ్మాయితో కాదు, వైద్యుడితోనే మాట్లాడాలి. ఇక్కడ చైనా వైద్యులు చట్టప్రకారం రిజిస్టర్ అయి ఉండాలి, ఆ చట్టం 2000లో వచ్చింది. కాబట్టి అడగడానికి మొహమాటం వద్దు. పొడిలో ఏ మూలిక ఎన్ని గ్రాములో రాసి ఇవ్వమనండి, చైనా అక్షరాల్లో ఇచ్చినా ఫర్వాలేదు, ఫొటో తీసుకుంటే ఆసుపత్రిలో చదువుతారు. దాహ్వాంగ్ ఉందా, షూదీ ఉందా, ఫూజీ జాతిది ఉందా, అతిమధురం ఎంత, రక్తాన్ని పలచబరిచేవి ఉన్నాయా అని ఐదు ప్రశ్నలు అడగండి. ఆఖరిది ఆస్పిరిన్ వల్ల. దాంగ్‌గుయ్, దాన్‌షెన్ లాంటివి ఆస్పిరిన్‌తో కలిస్తే రక్తం కారే ప్రమాదం పెరుగుతుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవాళ్ళకయితే దాన్‌షెన్ అసలే పడదు. అమ్మగారి షుగర్, బీపీ, ఆస్పిరిన్ మాత్రల పేర్లు మీరు ఆయనకి మొదటిరోజు చెప్పారా? మీ ప్రశ్నలో ఆ సంగతి లేదు. చెప్పకపోతే ఇప్పుడు చెప్పండి. పాలీక్లినిక్ (ఇక్కడి ప్రభుత్వ క్లినిక్) డాక్టర్‌కి కూడా మూలికల సంగతి దాచకుండా చెప్పండి. తిడతారని భయపడి మన పెద్దవాళ్ళు చెప్పరు. 18 ఏళ్ళలో ఏ డాక్టరూ అందుకు రోగిని తిట్టడం నేను వినలేదు. చెప్పనందువల్ల రెండు రోజులు వేరే కారణం వెతుకుతూ పోవడం మాత్రం చాలాసార్లు చూశాను.

విరేచనాలు ఆగడానికి లోపెరమైడ్ మాత్ర మీరే కొని వెయ్యకండి. జ్వరం, రక్తం లేవని డాక్టర్ చూసి చెప్పాక వెయ్యవచ్చు. పొడి ఆపాక మామూలుగా రెండు మూడు రోజుల్లో కడుపు సర్దుకుంటుంది. సర్దుకుంటే కారణం ఆ పొడే అయి ఉండే అవకాశం ఎక్కువ. ఆపి మూడు రోజులైనా అలాగే ఉంటే కారణం వేరే ఉండొచ్చు: బయటి తిండి, మెట్‌ఫార్మిన్ మోతాదు పెంచడం, ఇంకేదైనా ఇన్‌ఫెక్షన్. ఇక్కడికి వచ్చే ముందు గుంటూరు డాక్టర్ ఆ మాత్ర మోతాదు మార్చారేమో అమ్మగారిని అడగండి. చాలామందికి ప్రయాణానికి ముందు చెకప్‌లో మారుస్తారు, పిల్లలకి ఆ సంగతి తెలియదు.

తర్వాత మళ్ళీ మొదలుపెట్టాలని అమ్మగారికి ఉంటే, ఉండొచ్చు, నొప్పి ఆవిడది, నేను వద్దని పట్టుబట్టను. కానీ అదే పొడి అదే మోతాదులో వద్దు. వైద్యుడు సూత్రం మార్చాలి, మూడో వంతు మోతాదుతో మొదలుపెట్టాలి, భోజనమైన అరగంట తర్వాత గోరువెచ్చగా తాగాలి, మాత్రలకీ దీనికీ రెండు గంటలైనా ఎడం ఉండాలి. ఒక చిన్న పుస్తకంలో రోజూ ఎన్నిసార్లు విరేచనం, ఆకలి ఎలా ఉంది, బీపీ ఎంత అని రాస్తే వారం తర్వాత ఎవరూ ఊహించాల్సిన పని ఉండదు. ఈలోపు మోకాళ్ళకి పై పూత మందు, ఫిజియోథెరపీ ఎలాగూ ఉన్నాయి, వాటితో కడుపుకి ఇబ్బంది లేదు.

పొట్లం మీద ఉన్న అక్షరాల ఫొటో ఇక్కడ పెట్టండి, పేరూ అడ్రసూ కనపడకుండా. బీపీ మాత్ర పేరు, నాలుక తిమ్మిరి సంగతి, మలం రంగు కూడా రాయండి. రాత్రి డ్యూటీ దిగాక చూసి, అందులో ఏమేమి ఉన్నాయో ఒక్కొక్కటే చదివి చెబుతాను.